రంగు మార్చారు, కూలి మార్చలేదు

ఎండాకాలం సెలవులకి ముందు మా హాస్టలు పిల్లలకి మూడు సినిమాలు చూపించాం. వరసగా మూడు రాత్రులు, గోడకి తెల్ల దుప్పటి కట్టి, ఉపాధ్యాయ సంఘం వాళ్ళని అడిగి తెచ్చిన ప్రొజెక్టరు పెట్టి చూపించాం. మూడూ ఒకే పుస్తకం కడుపున పుట్టిన సినిమాలు. వాటి మీద పిల్లల్లో గొడవ కాలేదు గానీ మన సంఘంలో అయ్యింది. "చాక్లెట్ల సినిమాలు చూపిస్తే పిల్లలకి చైతన్యం వస్తుందా మేష్టారూ?" అని ఒకరు ఎగతాళి చేశారు. "తెల్లదొర దగ్గర వెట్టోళ్ళు పాటలు పాడుకుంటా పనిచేసే సినిమా మన పిల్లలకి చూపిస్తారా, సిగ్గుండక్కర్లా?" అని ఇంకో అన్న కోప్పడ్డాడు. మొదటాయనకి మేం జవాబు చెప్పం. రెండో అన్నకి మాత్రం జవాబు బాకీ ఉన్నాం. ఆయన మాటలో నిజం ఉంది కాబట్టి.

పుస్తకం పేరు 'చార్లీ అండ్ ది చాక్లెట్ ఫ్యాక్టరీ'. రాసినవాడు రోల్డ్ డాల్. 1916లో వేల్స్‌లో నార్వే దంపతులకి పుట్టాడు, 1990లో పోయాడు. పుస్తకం 1964లో ముందు అమెరికాలో అచ్చయ్యి, 1967లో ఇంగ్లండుకి వచ్చింది. చదవనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెబుతాం. చార్లీ బకెట్ అనే పేద పిల్లాడు. ఊరి చివర చిన్న ఇల్లు, ఇంట్లో ఉన్న ఒక్క మంచం మీద తాతలూ నానమ్మా అమ్మమ్మా నలుగురూ పడుకుంటారు. తండ్రి టూత్‌పేస్టు గొట్టాలకి మూతలు బిగించే కూలి. రాత్రికి కాబేజీ సూప్. అదే ఊళ్ళో విల్లీ వోంకా అనే ఆసామికి పెద్ద చాక్లెట్ ఫ్యాక్టరీ ఉంది. లోపలికి పోయేవాడూ బయటికి వచ్చేవాడూ కనపడడు, కిటికీ అద్దాల మీద పొట్టి నీడలు మాత్రం కదులుతుంటాయి. ఆ వోంకా అయిదు చాక్లెట్లలో అయిదు బంగారు టికెట్లు దాచి, దొరికిన పిల్లలకి ఫ్యాక్టరీ చూపిస్తానంటాడు. నలుగురు గారాల పిల్లలకీ, అయిదోది చార్లీకీ దొరుకుతాయి. ఆ నలుగురూ వాళ్ళ వాళ్ళ పొగరుకీ ఆశకీ తగ్గ శిక్షపడి ఒక్కొక్కరే జారిపోతారు. మిగిలిన చార్లీ ఆ ఫ్యాక్టరీకి వారసుడౌతాడు.

ఈ కథ ఇన్ని దేశాల పిల్లలకి ఎందుకు పట్టిందంటే చాక్లెట్ నది వల్ల అంటారు. మేం అలా అనుకోం. అందులో ఉన్న ఆకలి వల్ల పట్టింది. పుస్తకంలో ఒక అధ్యాయం ఉంది. తండ్రి పనిచేసే ఫ్యాక్టరీ మూతబడుతుంది, మంచు కురుస్తుంటుంది, ఇంట్లో తిండి రోజురోజుకీ తగ్గిపోతుంది. అప్పుడు చార్లీ ఏం చేస్తాడంటే, పొద్దున్నే పది నిమిషాలు ముందు బడికి బయల్దేరతాడు. ఎందుకు? పరిగెత్తాల్సిన పని లేకుండా మెల్లగా నడవడానికి. ఇంటర్వెల్లులో అందరూ బయట ఆడుకుంటుంటే తను క్లాసులోనే కూచుంటాడు. ఒంట్లో ఉన్న కాస్త సత్తువ ఖర్చు కాకుండా చూసుకుంటాడు.

ఇది చదివినప్పుడు మేం పుస్తకం మూసి చాలాసేపు అట్లాగే ఉండిపోయాం. మేం ఆరూ ఏడూ తరగతులు చదివేప్పుడు బడి నాలుగు కిలోమీటర్లు. మధ్యాహ్నం అన్నం తెచ్చుకున్నవాళ్ళు వేపచెట్టు కింద కూచుంటే మేం కాలవ దాకా వెళ్ళి నీళ్ళు తాగి, ఆటకి పిలిస్తే కాలు నొప్పని చెప్పి గోడకి ఆనుకుని కూచునేవాళ్ళం. కాలు నొప్పి లేదు. ఆ సంగతి మా ఉపాధ్యాయుల్లో ఒక్కరికీ తెలీదు. ఇప్పుడు మేం పంతుళ్ళం అయ్యాక, ఇంటర్వెల్లులో క్లాసులో ఒంటరిగా కూచున్న పిల్ల కనిపిస్తే ముందు "పొద్దున ఏం తిన్నావమ్మా?" అని అడుగుతాం. డాల్ ఏ నమ్మకాల మనిషైనా గానీ, ఈ ఒక్క సంగతి పట్టుకున్నందుకు మాకు ఆయన మీద కోపం పూర్తిగా రాదు.

మూడు సినిమాల్లోనూ ఈ మెల్లగా నడవడం లేదు. ఆకలి ఉంది, కానీ బొమ్మలో ఆకలిలా ఉంది. ఇది మా మొదటి ఫిర్యాదు.

ఇక అసలు గొడవ ఊంపా-లూంపాల గురించి. ఫ్యాక్టరీలో పనిచేసేది వాళ్ళే. వోంకా దగ్గర ముందు ఊరి జనమే పనిచేసేవాళ్ళు. ఎవరో గూఢచారులు చేరి రహస్యాలు ఎత్తుకుపోయారని అందర్నీ ఒక్క దెబ్బకి పంపించేశాడు. తర్వాత ఎక్కడో అడవిలో ఉన్న ఈ పొట్టి మనుషుల్ని గాలి కోసం చిల్లులు పెట్టిన పెట్టెల్లో పెట్టి, ఓడ మీద తెచ్చుకున్నాడు. వాళ్ళ కూలి ఏంటంటే కోకో గింజలు. డబ్బు కాదు, గింజలు. ఫ్యాక్టరీలోనే తిండి, ఫ్యాక్టరీలోనే పడక. కొత్త సరుకు కనిపెడితే ముందు వాళ్ళ మీదే ప్రయోగం. ఒక పానీయం తాగి ఒక ముసలి ఊంపా-లూంపా గాల్లోకి లేచి పైకి పైకి పోయి మళ్ళీ కనపడలేదని వోంకా చెబుతాడు! ఆ పోయినవాడికి పెళ్ళాం పిల్లలున్నారా, వాళ్ళకేమన్నా ఇచ్చారా అని పుస్తకంలో ఎవరూ అడగరు.

1964 నాటి మొదటి అచ్చులో ఈ ఊంపా-లూంపాలు ఆఫ్రికా అడవుల్లోంచి తెచ్చిన నల్ల మనుషులు. డాల్ యువకుడిగా ఉన్నప్పుడు షెల్ ఆయిల్ కంపెనీ ఉద్యోగిగా తూర్పు ఆఫ్రికాలో, దార్-ఎస్-సలాంలో ఉన్నాడు. తెల్ల ఉద్యోగికి ఇంటి నిండా నల్ల పనివాళ్ళుండే రోజులవి. ఆ కళ్ళతో రాశాడు. సినిమా తీస్తున్నారని తెలిసినప్పుడు అమెరికాలో నల్లజాతి ప్రజల హక్కుల సంఘం ఎన్.ఎ.ఎ.సి.పి. అభ్యంతరం చెప్పింది. పెట్టెల్లో వేసి ఓడ మీద తెచ్చి, తిండి పెట్టి పనిచేయించుకునే నల్లవాళ్ళంటే అమెరికాలో ఎవరికి ఏది గుర్తొస్తుందో వేరే చెప్పాలా? 1973లో డాల్ పుస్తకం మార్చాడు. నల్ల మనుషులు కాస్తా గులాబీ తెలుపు ఒళ్ళూ బంగారు గోధుమ జుట్టూ ఉన్న 'లూంపాలాండ్' వాళ్ళయ్యారు.

రంగు మారింది. పెట్టెలు మారలేదు. చిల్లులు మారలేదు. గింజల కూలి మారలేదు. గాల్లోకి పోయిన ముసలాడు తిరిగి రాలేదు.

మా రెండో అన్నకి మేం చెప్పేది ఇక్కడ మొదలౌతుంది. తిట్టు పోయినంత మాత్రాన వెట్టి పోదని మనకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? కులం పేరు పెట్టి పిలవడం మానేసి "ఒరే అబ్బాయ్" అని పిలుస్తూ అదే కొట్టంలో అదే పేడ ఎత్తించుకున్నారు మా నాయన చేత. మా నాయన పాలేరు. ఏడాదికి ఇన్ని బస్తాల వడ్లని మాట. కొలిచి ఇచ్చేప్పుడు ఒక కుంచం, పుచ్చుకునేప్పుడు ఇంకో కుంచం. గింజల కూలి అంటే పిల్లల కథల్లో ముద్దుగా ఉంటుంది గానీ, కుంచం ఎవరి చేతిలో ఉందో వాడిదే లెక్క.

ఇంకొక విషయం చెప్పాలి. 2017లో డాల్ భార్య ఫెలిసిటీ ఒక రేడియో ఇంటర్వ్యూలో, ఆయన మొదట అనుకున్న చార్లీ నల్లజాతి పిల్లాడని చెప్పింది. పుస్తకాల వ్యవహారం చూసే ఏజెంటు అది వద్దన్నారని డాల్ జీవితచరిత్ర రాసిన డొనాల్డ్ స్టరక్ చెప్పాడు. చూడండి, నల్లపిల్లాడు వారసుడు కావాల్సిన పుస్తకంలో చివరికి నల్లవాళ్ళకి మిగిలింది పెట్టెల్లో దిగుమతి కావడం. అదీ తొమ్మిదేళ్ళకి తుడిచేశారు.

మొదటి సినిమా 1971లో వచ్చింది. పేరు 'విల్లీ వోంకా అండ్ ది చాక్లెట్ ఫ్యాక్టరీ'. పేరులోంచే పేద పిల్లాణ్ణి తీసి యజమానిని పెట్టారు. దర్శకుడు మెల్ స్టువర్ట్. డబ్బు పెట్టింది క్వేకర్ ఓట్స్ కంపెనీ, వోంకా పేరుతో చాక్లెట్లు అమ్ముకుందామని! వోంకాగా జీన్ వైల్డర్ వేశాడు. సినిమాగా చూస్తే మూడింట్లో ఇదే గొప్పదని మా అభిప్రాయం. వైల్డర్ కళ్ళల్లో దయా ఉంటుంది, ఇంకోటేదో ఉంటుంది. పిల్లలు నవ్వుతూనే కొంచెం వెనక్కి జరిగి కూచున్నారు. మంచి దొరలందరూ అట్లాగే ఉంటారు, ఏ క్షణంలో ఏమౌతాడో తెలీదు. చార్లీగా వేసిన పీటర్ ఆస్ట్రమ్ మళ్ళీ సినిమాల జోలికి పోకుండా పశువుల డాక్టరయ్యాడని చెబితే మా పిల్లలు చప్పట్లు కొట్టారు, ఎందుకో!

ఈ సినిమాలో ఊంపా-లూంపాలకి నారింజ రంగు ఒళ్ళు, ఆకుపచ్చ జుట్టు. ప్రపంచంలో ఏ జాతికీ లేని రంగు పూస్తే ఏ జాతీ అభ్యంతరం చెప్పదని కాబోలు ఉపాయం. క్రూర మృగాలు తినేస్తుంటే కాపాడటానికి మొత్తం జాతినంతా ఫ్యాక్టరీకి తరలించానని వోంకా చెబుతాడు. ఇక్కడ గింజల కూలి మాట కూడా లేదు. పుస్తకంలో కనీసం జీతం ఒప్పందం ఉంది, సినిమాలో అదీ లేకుండా ధర్మకార్యం చేసేశారు. "మా దగ్గరుండబట్టే బతికిపోయారు" అనే మాట మన పేటల్లో వినని ముసలివాళ్ళున్నారా?

పిల్లల్లో ఒకడు పట్టుకున్నది మాకు తట్టలేదు. ఊంపా-లూంపాలు నాలుగుసార్లు పాడతారు. నాలుగు పాటలూ డబ్బున్న పిల్లల తప్పుల మీదే. తిండిపోతుతనం తప్పు, టీవీ చూడటం తప్పు. "వాళ్ళ గురించి వాళ్ళు ఒక్క పాటా పాడుకోరేంటి సార్?" అన్నాడు తొమ్మిదో తరగతి కుర్రాడు. వాడి తాత డప్పు కళాకారుడు. వాడికి తెలుసు, నాట్లప్పుడు ఆడాళ్ళు పాడే పాటల్లో దొర గురించి ఎన్ని ఉంటాయో, తమ నడుం నొప్పి గురించి ఎన్ని ఉంటాయో.

వెరూకా అనే శ్రీమంతుల పిల్ల ఊంపా-లూంపాని చూడగానే "నాన్నా, నాకొకటి కొనిపెట్టు" అంటుంది. ఈ పిల్ల మారాం మీద పాట కట్టారు, శిక్ష వేశారు. కానీ మనిషిని కొనిపెట్టమని అడిగిన మాటకి విడిగా శిక్ష లేదు. కొనడం తప్పని వోంకా ఎట్లా అంటాడు?

సినిమాలో ఇంకో గొప్ప ఘట్టం ఉంది. ఫ్యాక్టరీలోకి అడుగు పెట్టగానే గోడంత కాగితం. పైన పెద్ద అక్షరాలు, కిందికి వచ్చేకొద్దీ చీమలంత అయిపోతాయి. పిల్లలందరి చేతా సంతకాలు పెట్టించుకుంటాడు. చివర్లో చార్లీ ఒక తప్పు చేశాడని, ఆ కాగితమే తీసి భూతద్దం పెట్టి చదువుతూ నీకేమీ రాదు పొమ్మని అరుస్తాడు. మా హాస్టల్లో ఈ సీను మీద ఎవరూ నవ్వలేదు. ఇటుక బట్టీకి పోయిన కుటుంబాల పిల్లలు ఆ గదిలో ఆరుగురున్నారు.

డాల్‌కి ఈ సినిమా నచ్చలేదు. ఆయన రాసిచ్చిన కథనాన్ని డేవిడ్ సెల్ట్‌జర్ తిరగరాశాడని, చార్లీ వెనక్కి పోయి వోంకా ముందుకొచ్చాడని కోపం. ఊంపా-లూంపాల విషయంలో మాత్రం ఆయనకి పెద్ద ఫిర్యాదున్నట్టు లేదు.

రెండోది 2005లో. టిమ్ బర్టన్ తీశాడు, జానీ డెప్ వోంకా. పుస్తకానికి దగ్గరగా ఉన్నది ఇదే. అందుకే ఎక్కువ బయటపడిపోయింది కూడా ఇదే. వోంకా అడవికి పోవడం, అక్కడి వాళ్ళు ఆకుపచ్చ పురుగుల్ని మెత్తగా దంచి తినడం, గింజల కూలికి బేరం కుదరడం అన్నీ తెర మీద చూపించారు. తినే తిండిని చూపించి నవ్వించడం! దాని మీద మనం చాలా రాసుకున్నాం కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాం.

ఊంపా-లూంపాలందరూ ఒకే మనిషి. డీప్ రాయ్ అనే నటుడు, నైరోబిలో పుట్టిన భారతీయ సంతతి మనిషి. నూట అరవై అయిదు మందిగా ఆయనొక్కడే కనిపిస్తాడు. ఒక్కో మనిషి కోసం అదే నాట్యం మళ్ళీ మళ్ళీ చేశాడు. ఆయన శ్రమకి దండం పెడుతున్నాం. కానీ తీసినవాడి ఆలోచన చూడండి. కూలివాళ్ళందరికీ ఒకే మొహం. ఆడామగా తేడా బట్టల్లోనే. ఇంగ్లండు ఫ్యాక్టరీలో పనిచేసే ఆ ఒక్క మొహానికీ మన ఒంటిరంగు. 1973లో పుస్తకం కడిగేసుకున్న మరకని, ముప్పై రెండేళ్ళ తర్వాత తెలిసో తెలీకో మళ్ళీ అంటించుకున్నారు.

పుస్తకంలో ఉన్న పాండిచ్చేరి రాకుమారుడి పిట్టకథ కూడా ఇందులో ఉంది. ఇండియాలో ఒక రాజు వోంకా చేత చాక్లెట్‌తో కోట కట్టించుకుంటాడు, ఎండకి కరిగి నెత్తిన పడుతుంది. మా పిల్లలకి బాగా నచ్చింది. వోంకా ముందే చెప్పినా రాజు వినలేదు. ఆ ఒక్క ముక్కలో అభ్యంతరం లేదు మాకు.

చార్లీ తండ్రి సంగతి ఈ సినిమాలో ఆసక్తిగా ఉంది. మూతలు బిగించే పనికి యంత్రం వస్తుంది, ఆయన్ని తీసేస్తారు. బాగుంది, నిజం చెప్పారనుకున్నాం. చివర్లో ఆ యంత్రాన్నే బాగుచేసే ఉద్యోగం ఆయనకి వస్తుంది. మన ఊళ్ళకి వరికోత యంత్రం వచ్చి ఎన్నేళ్ళయ్యింది? కొడవలి పట్టినవాళ్ళలో ఎంతమంది దానికి మెకానిక్కులయ్యారో మాకు చూపించండి.

అట్లాగే తాత జో ఒకప్పుడు ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసి, అందరితో పాటు పని పోగొట్టుకున్నవాడని ఈ సినిమాయే చెప్పింది. ఇది మంచి చేర్పు. తను పోగొట్టుకున్న పనిలోనే ఊంపా-లూంపాలు ఉన్నారని ఆయనకి తెలుస్తుంది. ఆ రెండు కూలిజనాలూ ఎదురుపడి ఒక్క మాట మాట్లాడుకుంటే ఏమయ్యేది? మాట్లాడుకోరు. తాతకి వోంకా మీద భక్తి. పని తీసేసిన యజమాని మీద అంత ప్రేమ పెట్టుకున్న కార్మికుణ్ణి రచయితలే పుట్టించగలరు అని మేమంటే, "మా మామయ్య అట్టాగే ఉంటాడు సార్" అంది ఒక పిల్ల. మేం నోరు మూసుకున్నాం.

మూడోది 2023 నాటి 'వోంకా'. పాల్ కింగ్ దర్శకుడు. ఇది పుస్తకం కథ కాదు, వోంకా కుర్రవాడిగా ఉన్నప్పటి కథ కల్పించారు. టిమొథీ షాలమే హీరో. మొదటి అరగంట చూసి మేం నిటారుగా కూచున్నాం. కుర్ర వోంకా పన్నెండు వెండి నాణాలతో పట్నానికి వస్తాడు. రాత్రయ్యేసరికి చేతులు ఖాళీ. పడుకోడానికి చోటిస్తామని ఒక పూటకూళ్ళమ్మ లాంటి మనిషి కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటుంది. అక్కడ పనిచేసే నూడిల్ అనే పిల్ల చదివి పెట్టమని సైగ చేస్తుంది. వోంకా చదవకుండానే పెట్టేస్తాడు. ఎందుకంటే అతనికి చదువు రాదు!

తెల్లారేసరికి లెక్క తేలుతుంది. మెట్లు ఎక్కినందుకు ఇంత, దిగినందుకు ఇంత. మొత్తం పదివేల నాణాలు బాకీ. కింద చాకిరేవులో బట్టలుతికితే రోజుకి ఒక నాణెం. అంటే పదివేల రోజులు. మా ఎనిమిదో తరగతి పిల్ల చాక్‌పీసు తీసుకుని లెక్కకట్టింది, ఇరవై ఏడేళ్ళు దాటింది. అట్లాగే చిక్కినవాళ్ళు అక్కడ ఇంకా ఉన్నారు, ఒక లెక్కల గుమాస్తా, ఒక ప్లంబరమ్మ, ఒక టెలిఫోను ఆపరేటరు, ఒక హాస్యగాడు. అందరూ ఆ కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళే.

మిత్రులారా, హాలీవుడ్ పిల్లల సినిమాలో అప్పు కట్టు బానిసత్వం ఇంత స్పష్టంగా వస్తుందని మేం అనుకోలేదు. మేస్త్రి ఇచ్చే అడ్వాన్సు, దాని మీద రాసుకునే నోటు, దారిఖర్చు, బియ్యం, మందులు, అన్నీ బాకీలో కలిసి సీజను చివర తేలే లెక్క, ఇదంతా మన పిల్లలకి పాఠం చెప్పక్కర్లేదు. మనం చెప్పాల్సింది వేరే ఉంది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించిందని, 1976 చట్టం అట్లాంటి బాకీలని రద్దు చేసిందని, కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకున్నా అది నిర్బంధ శ్రమే అని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని. సినిమా ఆపి మేం ఈ మూడు ముక్కలూ బోర్డు మీద రాశాం. వార్డెను గారు "సినిమా మధ్యలో ఇదేంటి మేష్టారూ" అన్నారు. ఇంకెప్పుడు చెప్పమంటారు?

వోంకాకి చదువు నేర్పేది నూడిల్. నల్లజాతి అనాథ పిల్ల, కాలా లేన్ అనే చిన్నమ్మాయి వేసింది. నల్లపిల్ల గురువు, తెల్లవాడు శిష్యుడు. రాత్రుళ్ళు అక్షరాలు దిద్దిస్తుంది. మేం మా ఇంట్లో డిగ్రీ దాకా పోయిన మొదటివాళ్ళం. మా అమ్మకి సంతకం నేర్పింది మేమే, పదకొండేళ్ళ వయసులో, పలక మీద. రేషను షాపులో వేలిముద్ర స్టాంపుప్యాడు పక్కకి నెట్టి ఆమె పేరు రాసిన రోజు మాకు గుర్తుంది. కాబట్టి ఆ సీను దగ్గర మా తీర్పుని ఎవరూ నమ్మక్కర్లేదు, మేం ఏడ్చాం.

కానీ ఇందులోనూ ఊంపా-లూంపా ఉన్నాడు. ఒక్కడే ఉన్నాడు. ఈసారి అతను కూలి కాదు, బాకీ వసూలుకి వచ్చాడు! మా దీవిలో నేను కాపలా ఉండగా కునుకు తీస్తే ఈ వోంకా మా కోకో గింజలు ఎత్తుకుపోయాడు, మా వాళ్ళు నన్ను వెలేశారు, వెయ్యింతలు వసూలు చేసుకుని గానీ పోనంటాడు. దాదాపు అరవై ఏళ్ళలో మొదటిసారి ఊంపా-లూంపా నోటివెంట వాళ్ళ లెక్క వచ్చింది. గింజలెవరివి, ఎవరు ఎవరికి బాకీ, మొత్తం తిరగబడింది. పిల్లలు ఈలలేశారు.

ఆ నోరు ఎవరికిచ్చారు? హ్యూ గ్రాంట్‌కి. ఇంగ్లీషు దొరబాబు వేషాలకి పేరుమోసిన పెద్ద నటుడు. కంప్యూటరుతో అడుగున్నర మనిషిని చేసి, 1971 నాటి నారింజ రంగే పూశారు. పుట్టుకతో పొట్టిగా ఉన్న నటులు కొందరు, మాకు దొరికే నాలుగు వేషాలూ ఇట్లా లాగేసుకుంటే మేమెక్కడికి పోవాలని బాహాటంగానే అడిగారు. న్యాయమైన ప్రశ్న. 1971 సినిమాలో ఎన్ని తప్పులున్నా, ఆ వేషాలు వేసి కూలి తీసుకున్నది పొట్టి మనుషులే.

ముగింపులో ఇంకా మోసం ఉంది. చాకిరేవు జనమంతా కలిసి, ఎవరి విద్య వాళ్ళు వాడి, దొంగ లెక్కల పుస్తకం బయటపెట్టి విడుదలౌతారు. అచ్చం సంఘం పెట్టుకున్నట్టే ఉంటుంది. తర్వాత వాళ్ళు వాళ్ళ వాళ్ళ బతుకులకి పోతారు. వోంకా పాడుబడ్డ కోట కొని ఫ్యాక్టరీ పెడతాడు. బాకీ వసూలుకొచ్చిన ఊంపా-లూంపాకి రుచిచూసే విభాగానికి అధిపతి ఉద్యోగం ఇస్తాడు. అంటే? హక్కుదారు కాస్తా ఉద్యోగి అయ్యాడు. పుస్తకం తెలిసినవాళ్ళకి ఆ తర్వాత జరగబోయేది తెలుసు, చిల్లుల పెట్టెలు రాబోతున్నాయి. కాగితం చదవలేక పదివేల రోజులు చాకిరీకి చిక్కినవాడే, రేపు పిల్లల ముందు గోడంత కాగితం పెట్టి సంతకాలు అడగబోతున్నాడు. ఈ సంగతి సినిమా తీసినవాళ్ళకి తట్టిందో లేదో గానీ మూడూ వరసగా చూస్తే తప్పించుకోలేం.

అందుకే మేం మూడూ చూపించాలంటున్నాం. ఒక్కటే చూపిస్తే అన్న చెప్పినట్టే అవుతుంది, పాటలు మిగులుతాయి.

2023 ఫిబ్రవరిలో ఇంకో గొడవ జరిగింది. ప్రచురణకర్తలు పఫిన్ వాళ్ళు డాల్ పుస్తకాల్లో మాటలు మార్చారని బయటపడింది. అగస్టస్‌ని లావు అనకూడదని వేరే మాట పెట్టారు. ఊంపా-లూంపాలు 'చిన్న మగవాళ్ళు' కాస్తా 'చిన్న మనుషులు' అయ్యారు. గోల జరిగితే పాత రూపం కూడా అమ్ముతామన్నారు, రెండూ అమ్ముకుంటారు. మళ్ళీ అదే సంగతి, పేరు సవరించారు, కూలి సవరించలేదు. మా అభిప్రాయం అడిగితే 1964 అచ్చుని దాచకూడదు. ఏం రాశారో, ఎవరు నిలదీశారో, ఏం మార్చారో, ఏం మార్చలేదో పిల్లలకి పక్కపక్కన పెట్టి చూపించాలి.

ఇదంతా కథే గదా అనేవాళ్ళకి కోకో సంగతి చెబుతాం. ప్రపంచంలో సగానికి పైగా కోకో ఐవరీ కోస్ట్, ఘనా అనే రెండు పశ్చిమ ఆఫ్రికా దేశాల నుంచి వస్తుంది. పిల్లల చేత ఘోరమైన పనులు చేయించడం ఆపుతామని పెద్ద చాక్లెట్ కంపెనీలు 2001లో ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. 2020లో చికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ రెండు దేశాల్లో 15 లక్షల 60 వేల మంది పిల్లలు ఇంకా కోకో పనిలో ఉన్నారు. మన దేశంలో కోకో ఎక్కువ పండేది మన ఆంధ్రలోనే, గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో, పామాయిల్ తోటల్లో అంతరపంటగా. మా హాస్టలు పిల్లల్లో ముగ్గురి తల్లులు కోకో కాయలు కొట్టే కూలికి పోతారు. కాయ పగలగొడితే గింజ చుట్టూ తెల్లటి తియ్యటి గుజ్జు ఉంటుంది, పిల్లలు చప్పరిస్తారు. గింజ మాత్రం కటిక చేదు.

2005 సినిమాలో ఊంపా-లూంపాల నాయకుడు గింజల కూలికి ఒప్పుకుని సంబరపడే సీను దగ్గర ఆ ముగ్గురిలో ఒక పిల్ల లేచి నిలబడింది. ఆరో తరగతి, ఎప్పుడూ మాట్లాడదు. "అది చేదు సార్. ఎండబెట్టి వేయించి పంచదార కలిపితేనే గదా బాగుండేది. ఉత్త గింజలు కూలికిస్తే వాళ్ళేం చేసుకుంటారు? మా అమ్మకి డబ్బులే ఇస్తారు. తక్కువిస్తారు గానీ డబ్బులే ఇస్తారు" అంది. ఎంతిస్తారమ్మా అని అడిగితే చెప్పింది. మగవాళ్ళకెంతిస్తారని వెనకనుంచి ఎవరో అడిగారు. అదీ చెప్పింది. ఆ రాత్రి సినిమా మిగతా సగం మర్నాటికి వాయిదా పడింది. బోర్డు మీద రెండు కూలిరేట్లూ, పక్కన ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం రాసి, తీసివేతలు చేయించాం.

వచ్చే రెండో శనివారం రాత్రి ఏడింటికి మా పేట కమ్యూనిటీ హాల్లో పెద్దవాళ్ళ కోసం మళ్ళీ వేస్తున్నాం. ముందు 1971ది, తర్వాత రెండూ తర్వాతి శనివారాల్లో. ఇంగ్లీషు మాటల్ని మేం ఆపి ఆపి తెలుగులో చెబుతాం. కోకో తోటలకి పోయే ఆడవాళ్ళు తప్పకుండా రావాలి. కోప్పడిన అన్న కూడా వస్తానన్నాడు, ప్రశ్నలు రాసుకుని వస్తాడట. చాపలు ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి. కరెంటు పోతే మర్నాడు ఆదివారం వేస్తాం.